కిరీటం వచ్చిన వారం

"ఒక్క మాత్ర కూడా నోట్లో వేసుకోలేదు. మా అమ్మ మీద ఒట్టు," అన్నాడు దువార్తె, కారు ఇంటి ముందు ఆపుతూ.

"మీ అమ్మ మీద ఒట్లు తర్వాత వేద్దువుగాని. మరి ఆ రక్తపరీక్ష అబద్ధం చెప్పిందా?" అంది మరీలియా.

అతను బేస్‌బాల్ టోపీని నుదుటి మీదికి ఇంకాస్త లాక్కున్నాడు. ఈమధ్య అతనికి ఏ ప్రశ్న వేసినా ఆ టోపీయే జవాబు.

"డాక్టరమ్మ ఎలా చూసిందో చూశావా నీ వంక? దొంగని చూసినట్టు చూసింది. పక్కన కూర్చున్నందుకు నాకు తల కొట్టేసినట్టయింది."

"చూస్తే చూసింది."

"నవంబరులో మానేశానన్నవాడి ఒంట్లో ఆ మందు ఇంకా పనిచేస్తోందంటే ఏమనుకోవాలి? గాల్లోంచి వచ్చిందనుకోవాలా?"

"నాకు తెలీదు, మరీలియా. నన్ను వదిలెయ్."

వదిలెయ్యడానికి ఆమె దగ్గర ఇంక ఓపిక మిగల్లేదు. జుట్టు రాలకుండా మాత్రలంటూ ఫోన్లో నాలుగు ప్రశ్నలకు జవాబులు నొక్కి, మొహం కూడా చూడని డాక్టరు రాసిచ్చిన మందుని ఐదేళ్లు మింగాడు ఈ పెద్దమనిషి. ఇంట్లో ఒక్కరికి చెప్పలేదు. ఆ ఐదేళ్లలో చివరి రెండేళ్లు పక్కన పడుకున్న పెళ్లాం వైపు తిరగలేదు. నవ్వడు, కోప్పడడు, దేని మీదా ఆశ లేదు. అతనికి ఇంకెవరో ఉన్నారనుకుని ఆమె కొన్నాళ్లు ఏడ్చింది. తనే పనికిరానిదైపోయిందేమోనని మరికొన్నాళ్లు ఏడ్చింది. తీరా నవంబరులో, తల్లి వంటింట్లో బల్ల ముందు కూర్చుని, అతనే బయటపెట్టాడు.

ఆ వారమే కెల్లర్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. "ఎంతోమంది వాడతారు, చాలామందికి ఏమీ కాదు. నీకు పడలేదు, మానెయ్," అంది ఆవిడ. మానేశాడు. శీతాకాలం పోయేసరికి జుట్టు గుప్పెళ్లతో ఊడింది గానీ మనిషి మాత్రం మనిషయ్యాడు. ఈస్టర్ ముందరి ఉపవాసకాలం వచ్చేసరికి వంటింట్లో వెనక నుంచి వచ్చి ఆమె జడ లాగే పాత దువార్తె మళ్లీ కనిపించాడు. మరీలియా ప్రాణం లేచివచ్చింది. ఈస్టర్ అయిందో లేదో మళ్లీ మొదటికొచ్చాడు. ఉప్పు వెయ్యడం మర్చిపోయిన సూపులా అయిపోయాడు.

ఇవాళ డాక్టరమ్మ కాగితం చూసి, కళ్లజోడు తీసి, ఒకటే అడిగింది. "ముసలివాళ్లకి మూత్రం ఇబ్బందికి ఇచ్చేదీ ఇదే మందు. మోతాదు పెద్దది, అంతే. మీ ఇంట్లో ఎవరైనా వాడుతున్నారా?"

"మా నాన్న," అన్నాడు దువార్తె. "కానీ నేను ముట్టుకోలేదు."

అప్పుడు మరీలియా దానిని పట్టించుకోలేదు. మొగుడు అబద్ధాలకోరా కాదా అన్న దాని మీదే ఆమె మనసంతా ఉంది.

కింది అంతస్తులో అత్తవారి వాటా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వాళ్లుండే కొలంబియా వీధి సగం అక్కడే ఉన్నట్టుంది. కిరీటం వచ్చిన ఇల్లు మరి. ఈస్టర్ నుంచి పవిత్రాత్మ పండగ దాకా వారానికొక ఇంట్లో ఉండే ఆ వెండి కిరీటం ఈ వారం మావగారు సెరఫీం పేరున చీటీలో పడింది. రోజూ సాయంత్రం జపమాల, ఆ తర్వాత కాఫీ, తీపి రొట్టె. ఆదివారం ఊరేగింపుగా చర్చికి వెళ్తే ఫాదర్ ఆ కిరీటాన్ని ఆ ఇంటివాళ్లలో ఒకరి తల మీద పెడతాడు. ఎవరి తల మీద అన్నది చీటీ పడ్డ సెరఫీం చెప్పాలి. ఆయన నోరు తెరిచేలోపే ఆయన భార్య దియొలిందా చెప్పేసింది, తన కొడుకు తల మీద అని.

"ఇప్పుడా రావడం!" గుమ్మంలోనే అందుకుంది దియొలిందా. నల్ల గౌను, మెడలో బంగారు శిలువ, చేతిలో జపమాల. "అందరూ వచ్చి కూర్చున్నారు. నువ్వు వెనక నుంచి వంటింట్లోకి వెళ్లు నాయనా. అక్కడ నీకు బాగుంటుంది."

అతనికి బాగుండేదేమిటో వీధి మొత్తానికి తెలుసు. కిరీటం ముందు టోపీ తియ్యాలి. అందుకని ఈ వారమంతా దువార్తె వంటింటి వెనక మెట్ల మీదే, ఇళ్లు కొనేవాళ్లతో ఫోన్లో మాట్లాడుతున్నట్టు కూర్చుంటున్నాడు. ఇళ్లమ్మే వ్యాపారానికని బస్టాపు బెంచీ మీద వేయించిన ప్రకటనలో 'మీ ఇల్లు మీకు నేను చూపిస్తా' అని నవ్వుతున్న అతని ఫొటోలో జుట్టు మాత్రం నల్లగా, ఒత్తుగా, ఏ గాలికీ చెదరకుండా ఉంటుంది.

"అమ్మాయీ, మీ మావయ్య మందు ముక్క రోట్లో వేసి ఉంచాను. కాస్త నూరిపెట్టు. నా మణికట్టు సంగతి తెలుసుగా," అంది అత్త.

వెల్లుల్లి దంచే చిన్న చెక్క రోలు అది. మరీలియా రెండు దెబ్బలు వేసిందో లేదో ముందుగదిలోంచి పిలుపొచ్చింది. సగం నలిగిన ముక్కని అలాగే వదిలేసి వెళ్లి గోడ పక్కన కూర్చుంది.

తెల్ల కాగితం పూలు అతికించిన మెట్ల మీద, కొవ్వొత్తుల మధ్య, కిరీటం వెలుగుతోంది. దియొలిందా జపం మొదలెట్టింది. మొదటి మంగళవార్త జపం పూర్తి కాకుండానే సెరఫీం లేచాడు. మోకాళ్లు పట్టుకుంటూ నడవాలోకి వెళ్లాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"సెరఫీం ఊరేగింపు ఆదివారం అనుకున్నాను. ఇవాళే మొదలెట్టాడే!" అంది పక్కింటి ఎర్మీనియా, అందరికీ వినబడేంత గుసగుసగా. ఆడవాళ్లు జపమాలలతో నోళ్లు మూసుకుని నవ్వారు.

మరీలియా నవ్వలేదు. మంచినీళ్ల వంకతో లేచి నడవాలో నిలబడింది. స్నానాల గదిలోంచి ముసలాయన ప్యాంటు సర్దుకుంటూ వచ్చాడు.

"మావయ్యా, ఇలా అయితే ఎలా? మీరు మందు వేసుకుంటున్నారుగా?"

"ఎక్కడి మందమ్మా! ఈస్టర్ నుంచీ లేదు. డాక్టరు ఆపెయ్యమన్నాడట. మీ అత్తే ఫోన్ చేసి కనుక్కుంది. అప్పట్నుంచీ నాకు పగలూ రాత్రీ ఇదే ఊరేగింపు."

"మరి నేను ఆదివారం నుంచీ రోజూ నూరుతున్నది?"

"ఏం నూరుతున్నావు?"

"మీ మాత్ర. మీకు మింగుడు పడటం లేదని అత్తయ్య..."

"నాకా?" ముసలాయన కళ్లు పెద్దవి చేశాడు. "నిన్న షూరీసు మాంసం ముక్కని నమలకుండా మింగానని మీ అత్త నన్ను నానా తిట్లూ తిట్టింది. నాకు మింగుడు పడకపోవడమేమిటి!"

మరీలియా మనసులో లెక్క కట్టింది. ఈస్టర్. మూత్రం మందు. రోజూ పొద్దున్నే దువార్తె కిందికి దిగి తల్లి చేతి పాల కాఫీ తాగి మరీ పనికి వెళ్లడం. పెళ్లయిన నాటినుంచీ ఉన్న అలవాటు అది, ఆమె ఎప్పుడూ కాదనలేదు. అన్నీ ఒక్కసారిగా కుదురుకున్నాయి. ఆమె తన కుడిచేతి వేళ్లు చూసుకుంది. రోకలి పట్టుకున్న చోట తెల్లటి పొడి ఇంకా ఉంది.

వంటింట్లోకి వెళ్లి పంపు తిప్పి, సబ్బు పెట్టి, మోచేతుల దాకా కడిగింది. మళ్లీ కడిగింది.

ముందుగదిలో జపం ఎర్మీనియా గొంతులోకి మారింది. అంటే అత్తగారు కాఫీ సంగతి చూడ్డానికి వస్తోందన్నమాట. వచ్చింది.

"నూరావా?"

"ఇది ఎవరికి అత్తయ్యా?"

"ఎవరికేమిటి? మీ మావయ్యకి."

"మావయ్యకి ఈస్టర్ నుంచీ మందు లేదట."

దియొలిందా పొయ్యి మంట తగ్గించింది. గిన్నె మూత తీసి, మళ్లీ పెట్టింది.

"ఆయనకి మతిమరుపు."

"మతిమరుపు మనిషైతే జపం మధ్యలో లేవాలని ఎందుకు గుర్తుంటుంది? దువార్తె కాఫీలో కలుపుతున్నారు కదూ?"

"గొంతు తగ్గించు. ఇంట్లో కిరీటం ఉంది."

"కిరీటం ఇంట్లో ఉండగానే కదా నా చేత ఇది నూరించారు! అప్పుడు గుర్తు రాలేదా?"

"పావు ముక్క," అంది దియొలిందా. ఆవిడ గొంతులో తప్పు చేసిన బెదురేమీ లేదు. "పావు ముక్కకి ఇంత రాద్ధాంతమా? ఆదివారం ఫాదర్ కిరీటం పెట్టేటప్పుడు ఊరంతా వాడి తల చూస్తుంది. ఫొటోలు తీస్తారు. బెంచీ మీద మొహం ఇదేనా అని నవ్వుకోరూ? మా నాన్నని చూసి అలాగే నవ్వారు. మీ మావయ్యని చూసి పెళ్లినాడే నవ్వారు. నా కొడుకుని చూసి ఎవర్నీ నవ్వనివ్వను."

"ఆదివారానికి మొలవడానికి అవేమన్నా మీ పెరట్లో ఆకుకూర అనుకున్నారా?"

"ఉన్నవైనా నిలుస్తాయి."

"జుట్టు నిలుస్తుంది. మనిషి నిలుస్తాడా? నవంబరులో ఈ బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చాడు కదా, అమ్మా, నాకు దేని మీదా ఏమీ అనిపించట్లేదు అని! మీరు విన్నారు కదా! అతని వీపు నిమిరారు కదా!"

"విన్నాను. ఆ తర్వాత ఏడ్చింది నువ్వు వినలేదు." దియొలిందా కుర్చీ వీపు పట్టుకుంది. "రోజూ పొద్దున్నే ఇక్కడ కూర్చుని టోపీలో రాలిన వెంట్రుకలు ఏరేవాడు. ఏరి, అటూ ఇటూ చూసి, జేబులో పెట్టుకునేవాడు. చిన్నపిల్లాడిలా. తల్లిని, ఎంతకని చూస్తూ ఊరుకుంటాను?"

మరీలియాకి ఒక్క క్షణం జాలేసింది. మరుక్షణం ఆ జాలి మీదే మండుకొచ్చింది.

"ఈ కిరీటం ఏ మొక్కుతో ఇంటికి రమ్మన్నారు అత్తయ్యా? మీ నోటితో చెప్పండి."

"తెలీనట్టు అడుగుతావేం? మనవడి కోసం."

"ముందుగదిలో మోకాళ్ల మీద మనవణ్ణి ఇమ్మని అడుగుతారు. వంటింట్లో వాడి తండ్రిని పెళ్లాం మొహం చూడకుండా చేసే మందు నూరిస్తారు. అదీ నా చేత్తో! మళ్లీ పదిమందిలో, 'మా కోడలు బొత్తిగా ఎండిపోయింది, ఇంక పిల్లలెక్కడ' అని వేళాకోళాలు. ఆ మాట ఎర్మీనియాతో మీరు అనలేదూ?"

గోడ అవతల అందరి గొంతులూ కలిసి 'మా కొరకు ప్రార్థించుము' అన్నాయి.

వెనక తలుపు కిర్రుమంది. దువార్తె ఫోన్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"వచ్చావా? రా," అంది మరీలియా. "రా, విను. కారులో నిన్ను అబద్ధాలకోరు అన్నాను. క్షమించు. మాత్ర నువ్వు వేసుకోలేదు. మీ అమ్మ నీ కాఫీలో కలుపుతోంది. ఈస్టర్ నుంచి, ప్రతి పొద్దునా. అడుగు, ఇక్కడే ఉంది."

అతను గుడ్లురుముతాడని, కప్పు నేలకేసి కొడతాడని ఆమె ఎదురుచూసింది. ఏ మగాడైనా ఆ మాత్రం చెయ్యడా? అతను తల్లిని చూశాడు. రోలుని చూశాడు. చివరికి చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ఏదైనా అను!"

"చేదుగా ఉండేది," అన్నాడు దువార్తె.

పొయ్యి మీద పాలు గిన్నె అంచుదాకా వచ్చి మళ్లీ దిగాయి.

"ఎప్పుడు తెలిసింది?" అంది మరీలియా.

"మొదటి రోజే. రెండో రోజు ఖాయమైంది."

"తెలిసి తాగావు."

"నేను నోట్లో వేసుకోలేదు, మరీలియా. అడగలేదు కూడా. అమ్మ ఇచ్చింది, తాగాను. అద్దం చూస్తే... నీకు తెలీదు అదెలా ఉంటుందో. ఆ బెంచీ పక్కనుంచి కారు పోనివ్వడానికి కూడా సిగ్గేసేది. ఆదివారం కానిచ్చి మానేద్దామనుకున్నా."

"నన్ను అడగాలనిపించలేదా? రెండు నెలలు వెలిగి మళ్లీ ఆరిపోయావే, పక్కన నేనొకదాన్ని ఉన్నానని అనిపించలేదా?"

"అనిపించడమే కదా పోయింది," అన్నాడతను, చాలా చిన్నగా.

అది నిజమే అయి ఉండవచ్చు. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని దాక్కోవడం మాత్రం మరీలియా సహించలేకపోయింది. ఇంతకాలం ఈ మనిషిని మందు పాడుచేసిందనుకుంది. మందు చెయ్యగలిగింది కొంతే. మిగతాది ఇతను తీరిగ్గా కూర్చుని, కప్పు ఎత్తి, గుటకలు వేసి చేసుకున్నాడు.

"నవంబరులో డాక్టరమ్మ మనిద్దరినీ కూర్చోబెట్టి ఇంకో మాట చెప్పింది. గుర్తుందా?"

"ఏ మాట?"

"విరిగిన మాత్రని, పొడిని, కడుపుతో ఉన్న ఆడది చేత్తో ముట్టుకోకూడదని."

"ఆ, చెప్పింది. అయితే? నువ్వేం..." అని ఆగాడు. ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి జారింది.

"మూడో నెల. ఆదివారం చర్చిలో కిరీటం పెట్టగానే నీ చెవిలో చెబుదామనుకున్నాను. అత్తయ్య మొక్కు అక్కడే తీరినట్టుంటుందని. వెర్రిదాన్ని."

"పవిత్రాత్మా!" దియొలిందా రెండు చేతులూ చాచి ముందుకొచ్చింది. ఆవిడ కళ్లలో నీళ్లు, మొహంలో వెలుగు. "నా తల్లీ! నా బంగారు తల్లీ!"

"ముట్టుకోకండి నన్ను."

"నేనేం తెలిసి చేశానా? కాస్త పొడి అంటితే ఏమవుతుందే?"

"ఏమీ కాకపోవచ్చు. నాకు తెలీదు. ఏమవుతుందో తెలీకుండా నిలబెట్టారు కదా నన్ను, అదీ నా కడుపుమంట! తల్లీకొడుకులు చీకట్లో కళ్లు మూసుకుని పంచుకున్నారు ఆ పావు ముక్కని. ఒకరు చెప్పలేదట, ఒకరు అడగలేదట. నూరింది మాత్రం నేను!"

"మరీలియా, మెల్లగా. అందరూ ఉన్నారు," అన్నాడు దువార్తె.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఆమె ఏం చేసేదో చెప్పలేం. బహుశా మేడ మీదికి వెళ్లి తలుపు వేసుకునేదేమో. ఆ మాట విన్నాక గిన్నెలు తుడిచే గుడ్డ తీసి, రోలు చుట్టూ చుట్టి, రెండు చేతులా ఎత్తుకుంది.

"ఎక్కడికి? అమ్మాయీ! ఏం చేస్తున్నావు?" అంది దియొలిందా.

"మీ మొక్కు తీరింది అత్తయ్యా. తీర్చినవాళ్లకి చూపించొద్దూ?"

ముందుగదిలో చివరి ప్రార్థన నడుస్తోంది. మరీలియా మోకాళ్ల మీద ఉన్న ఆడవాళ్ల మధ్యనుంచి వెళ్లి, కాగితం పూల మెట్లలో అన్నిటికన్నా కింద మెట్టు మీద, సరిగ్గా కిరీటానికి ఎదురుగా, రోలు దించింది. గుడ్డ తీసింది.

ప్రార్థన ఒక్కొక్క గొంతూ తగ్గుతూ ఆగిపోయింది.

"ఇదేమిటే? వెల్లుల్లి రోలు ఇక్కడెందుకు?" అంది ఎర్మీనియా.

మరీలియా వంటింటి వైపు చూసింది. చెప్పాల్సినవాళ్లు అక్కడే ఉన్నారు. గుమ్మంలో దియొలిందా ఒక్కతే కనిపిస్తోంది. చేతిలో కాఫీ కప్పుల పళ్లెం.

సరిగ్గా అప్పుడే సెరఫీం నడవాలోంచి వచ్చాడు. అందరి చూపూ ఎటుందో అటే వెళ్లి, వంగి, కళ్లజోడు పెట్టుకుని రోట్లోకి చూశాడు. రెండు వేళ్లతో నలగకుండా మిగిలిన ముక్క పైకి తీసి కొవ్వొత్తి దగ్గర పెట్టాడు.

"ఇది నా మాత్ర," అన్నాడు. "దియొలిందా, డాక్టరు ఆపేశాడన్నావే?"

ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆపుకున్నారు.

"నాకు ఆపేస్తే ఇది ఇక్కడెందుకుంది? నేను పగలూ రాత్రీ గోడలు పట్టుకుని తిరుగుతుంటే, నా మాత్ర ఎవరు మింగుతున్నారు?"

మరీలియా గుమ్మం పక్క కొక్కేనికి తగిలించిన కారు తాళంచెవి తీసుకుంది. ఎవరి మొహమూ చూడకుండా వాకిట్లోకి నడిచింది. సాయంత్రపు ఎండ ఇంకా మెట్ల మీదే ఉంది. వెనక గదిలో ఒక కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత ఎర్మీనియా "అయ్యో, నాయనా!" అనడం వినిపించింది.

కిటికీలోంచి ఆమెకి కనిపించింది. ఈ వారంలో మొదటిసారి దువార్తె కిరీటం ఎదురుగా, వీధంతటి ముందూ నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది.

"నేనే నాన్నా," అన్నాడు.

ఆ మాట కోసమే ఆమె ఈస్టర్ నుంచీ ఎదురుచూసింది. ఇప్పుడు విన్నది కూడా. తాళంచెవి ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి గౌనుకు మరోసారి తుడుచుకుని, కారు తలుపు తీసింది.